కొసరు కౌంటర్

హోసూరు,
జూన్ 3

అత్తా,

ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోను జ్వరాలకూ చావులకూ మాత్రమే అని నువ్వు పెట్టిన షరతు గుర్తుంది. ఇది ఆ రెండూ కాదు కాబట్టి జాబు రాస్తున్నాను. బడిలో నేను చదివింది అరవం. అంగడిలో గోతాముల మీద కూర్చోబెట్టి నువ్వు నేర్పింది తెలుగు. కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నీవే.

కంపెనీ పెద్దదేమీ కాదు, ముప్పై మందిమి. అంగడి పెట్టాలనుకునే పెద్దవాళ్లకు అది ఎలా ఉండాలో గీసి ఇవ్వడం మా పని. ఏ సరుకు ఏ ఎత్తులో ఉండాలి, లోపలికి రాగానే ఏ వాసన రావాలి, బిల్లు వేసే అమ్మాయి మొదట ఏ మాట అనాలి, అన్నీ. దీన్ని కస్టమర్ ఎక్స్‌పీరియన్స్ అంటారు. నవ్వకు. కొనేవాళ్ల మనసు ఎప్పుడు మెత్తబడుతుందో, ఎప్పుడు బిగుసుకుంటుందో తెలుసుకోవడానికి పుస్తకాలకు పుస్తకాలున్నాయి.

మా బాసు పేరు విష్ణువర్ధన్. బెంగుళూరులో పుట్టి పెరిగారు. ఇంట్లో తెలుగే అట, చదవడం మాత్రం రాదు. నేను తెలుగులో జాబులు రాస్తానంటే వింతగా చూశారు. ఆరు నెలలు నా పని చూసి, నచ్చితే ఉంచుకుంటారు. లేకపోతే మళ్లీ నీ గోతాములే గతి.

నాకిచ్చిన మొదటి పని పల్లెల కోసం ఒక అంగడి. "పల్లెల్లో ఆడవాళ్లు ఎట్లా కొంటారు?" అని ఆయన అడిగితే గదిలో అందరూ పుస్తకాలు తిరగేశారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. గురుబరపల్లిలో ఇంకా రెండు అంగళ్లున్నాయి కదా, అందరూ నీ దగ్గరికే ఎందుకొస్తారు? ఊరికే అడుగుతున్నాను. తీరిగ్గా రాయి.

మామను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
తనూజ


గురుబరపల్లి,
జూన్ 11

చిట్టితల్లి తనూజకు,

నీ జాబు అందింది. పోస్టుమ్యాను ఇచ్చి, నేను చదివి ముగించేదాకా గడపలోనే నిలబడ్డాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పి బెల్లం ముక్క పెట్టి పంపాను. మీ మామకు చదివి వినిపించాను. అంతా విని, "అంగడి ఎట్లుండల్లో చెప్పేదానికి గూడా జీతమిస్తారా? అట్లయితే నువ్వు ఇన్నేండ్లు మూటలు మోసింది తప్పు. కాయితం మీద గీసిచ్చింటే సరిపోయుండు" అన్నాడు. అలా అని పొంగిపోయాడు. నీ జాబు చొక్కా జేబులో పెట్టుకొని ఊరంతా తిరిగి వచ్చాడు.

ఎందుకొస్తారని అడిగావు. ఇంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. రెండు రోజులు ఆలోచించాను.

ముందు కొసరు. కొసరు అందరూ వేస్తారు, వేసే తీరు వేరు. చెనిక్కాయలు కిలో అడిగితే పక్కంగడి ఆయన నిండుగా తోడి పోస్తాడు. ఎక్కువైందని తీస్తాడు, మళ్లీ తీస్తాడు. తూకం సరిగ్గానే ఉంటుంది, కానీ కొనేదానికి తన చేతిలోది లాక్కున్నట్టుంటుంది. నేను ఎప్పుడూ తక్కువే పోస్తాను. ఆపైన వేస్తాను. ఇంకాస్త వేస్తాను. తూకం సరిపోయాక, దాంతో సంబంధం లేకుండా చేత్తో ఒక గుప్పెడు తీసి కొంగులో వేసి, "పిల్లోళ్లకమ్మా, వద్దనొద్దు" అంటాను. పిల్లలు లేనివాళ్లకు, "నీకేనమ్మా, దోవలో నములు" అంటాను. ఈ రెండు మాటలు ఒకరిది ఒకరికి అన్నావంటే ఆ మనిషి మళ్లీ గడప తొక్కదు.

ఇక సాయంత్రం నాలుగింటికి కంపెనీ బస్సు దిగి ఆడవాళ్లొస్తారు చూడు, ఆ వేళకు నేను చెనిక్కాయలు వేయిస్తాను. ఆ వాసన రోడ్డు దాకా పోతుంది. అమ్మేది తక్కువే. కానీ ఆకలి మీద ఉన్న మనిషిని పలకరించినట్టుంటుంది.

ఇంకొకటి చెప్తాను, ఎవరితో అనొద్దు.

మేకల పచ్చయమ్మ వచ్చినప్పుడల్లా పెద్ద టీపొడి ప్యాకెట్టు ధర అడుగుతుంది. నేను చెప్తాను. "ఇంట్లో ఇంకా ఉండాదిలే అక్కా" అంటుంది. ఉండదు. చిన్నది కావాలని నోరు తెరిచి అడగడానికి సిగ్గు. వెనక నలుగురు నిలబడి ఉంటే ఇంకా సిగ్గు. అందుకే చిన్న ప్యాకెట్లన్నీ గడప పక్కన చేతికందే ఎత్తులో దారానికి వేలాడదీశాను. అది ధర అడగగానే పురికొస వెతుకుతున్నట్టు వెనక్కి తిరుగుతాను. మళ్లీ ఇటు తిరిగేసరికి చిన్న ప్యాకెట్టు గల్లా మీద ఉంటుంది. అది అడగలేదు, నేను చూడలేదు. పదేండ్లుగా మా ఇద్దరికీ ఇదే ఒప్పందం. దీని గురించి మేము ఒక్కమాట కూడా అనుకోలేదు.

పచ్చయమ్మ ఒక్కతే కాదు, అలాంటివాళ్లు సగం ఊరున్నారు. గులాబీ తోటల్లో కూలి చేసేవాళ్లు, మేకలు సాకేవాళ్లు. వాళ్లకు మర్యాద కావాలి. టీపొడి ఎక్కడైనా దొరుకుతుంది.

చాలా రాశాను. చెయ్యి నొప్పి పెడుతోంది. వేళకు తిను.

నీ అత్త,
నాగక్క


హోసూరు,
జూన్ 20

బంగారు అత్తకు,

నీ జాబు విని ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారంటే నమ్ముతావా? కోప్పడకు, మొదటి పేజీ చదివి వినిపించాను. చేతిలోది పోతే కలిగే బాధ, వస్తే కలిగే సంతోషం కంటే రెండింతలని పుస్తకాల్లో ఉంది. పెద్ద పెద్ద చదువులవాళ్లు ఏండ్ల తరబడి పరీక్షలు చేసి తేల్చిన సంగతి అది. నువ్వు తక్కువ పోసి ఆపైన వేయడం అంటే అదే. నువ్వు మా పుస్తకం చదవలేదు, మేమే నిన్ను చదవాలి అన్నారు విష్ణువర్ధన్ గారు.

ఆయన నీ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకొని చాలాసేపు చూశారు. "ఏం రాసిందో తెలీదు గానీ, ఈ రాత చూస్తే ఇంట్లో ఉన్నట్టుంది" అని ఫోటో కూడా తీసుకున్నారు. నీ గుండ్రటి అక్షరాలు ఎంత బాగుంటాయో నాకు అప్పుడే తెలిసింది, చిన్నప్పుడు దెబ్బలు తిన్నప్పుడు తెలియలేదు.

ఇంకా రాయి అత్తా. లోపలికి రాగానే మొదట ఏది ముట్టుకుంటారు? ఎంతసేపు నిలబడతారు? ఒక్కరే వచ్చినప్పుడు ఒకలా, తోడుతో వచ్చినప్పుడు ఒకలా కొంటారా? పోయేటప్పుడు ఏమంటారు? ఏదీ చిన్న సంగతి అనుకోకు. నాకు అన్నీ కావాలి.

నీ తనూజ


గురుబరపల్లి,
జూలై 9

తనూజకు,

ఆఫీసులో చదివి వినిపించావా? పచ్చయమ్మ సంగతి కూడానా? మొదటి పేజీ అన్నావు కాబట్టి ఊరుకుంటున్నాను. అది రెండో పేజీలో ఉంది.

నువ్వు అడిగినవి. లోపలికి రాగానే బియ్యం ముట్టుకుంటారు. కొనేది ఉప్పైనా సరే ముందు చెయ్యి బియ్యం గోతాములోకే పోతుంది. ఒక్కతే వస్తే తనకు కావలసింది కొంటుంది. తోడికోడలితో వస్తే తోడికోడలు చూడాలనుకున్నది కొంటుంది. మొగుడితో వస్తే ఏదీ కొనదు, మరుసటి రోజు ఒక్కతే వచ్చి కొంటుంది. పోయేటప్పుడు "వస్తానక్కా" అంటుంది, "పోతా" అనదు. అనకుండా పోయిందంటే ఎక్కడో మనసు కష్టపెట్టానని అర్థం. ఆ రాత్రి అన్నం తింటూ ఎక్కడ తప్పు చేశానా అని మీ మామ బుర్ర తింటాను.

ఈ వయసులో నా చేత పరీక్ష రాయిస్తున్నావు. రాస్తుంటే బాగానే ఉంది. నాకు ఇంత తెలుసని నాకే తెలియదు.

ఒక సంగతి. రోడ్డు మీద, మనంగడికి నాలుగు అడుగుల్లో, మామిడి మండీ షెడ్డు ఉండేది కదా. అది కొట్టేసి చదును చేస్తున్నారు. టేపులు పట్టుకొని ప్యాంట్లవాళ్లు వచ్చి కొలుచుకొని పోయారు. ఏం కడతారని అడిగితే, "ఏదో మార్టంటమ్మా, హోసూరోళ్లు గీసిచ్చినారు" అన్నాడు మేస్త్రీ. మీవాళ్లేనేమో? నీకేమైనా తెలిస్తే రాయి.

నీ అత్త


హోసూరు,
ఆగస్టు 18

అత్తకు,

ఆలస్యానికి ఏమనుకోకు. పని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. ఇక్కడ రోజూ వాన. మొన్న ఆదివారం ఆఫీసువాళ్లం కెలవరపల్లి డ్యాముకు పోయాం. నీళ్ల మీద తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా తేలుతోంది. దూరం నుంచి పత్తి ఆరబోసినట్టుంది, దగ్గరికి పోతే వాసనకు నిలబడలేకపోయాం. అందరూ దాని ముందే ఫోటోలు దిగారు, నేనూ దిగాను.

మామ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చలికాలం రాకముందే డాక్టరుకు చూపించండి.

ఉంటాను. చాలా పని ఉంది.

తనూజ


గురుబరపల్లి,
అక్టోబరు 14

తనూజా,

ఆ షెడ్డు సంగతి అడిగితే నురగ గురించి రాశావు. అప్పుడే నాకు అర్థమై ఉండాలి.

ఆయుధపూజ మరుసటి రోజు తెరిచారు. జాస్తి బజార్ అని పేరు. మేళం పెట్టారు, వచ్చినవాళ్లకల్లా పన్నీరు చల్లారు. మొదటి రోజు నేను పోలేదు. రెండో రోజు మా అంగడి గడప ఎవరూ తొక్కకపోతే, మీ మామను కూర్చోబెట్టి నేనే పోయాను.

గడప దాటగానే బియ్యం. గోతాము మూతి విప్పి, ముంచడానికి వీలుగా వంచి పెట్టారు. నాకు నవ్వొచ్చింది. ఎవరో నాలాంటి మనిషే అనుకున్నాను. నాలుగు గంటలైంది. చెనిక్కాయలు వేగుతున్న వాసన. పొయ్యి ఎక్కడుందా అని వెతికాను. పొయ్యి లేదు. గోడకు ఒక తెల్లడబ్బా బిగించారు, అది బుస్సుమని వాసన వదులుతోంది. అక్కడ వేగిన చెనిక్కాయ ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత కొసరు కౌంటర్. పైన బోర్డు కూడా రాసి పెట్టారు. పచ్చచీర కట్టుకున్న అమ్మాయి కందిబేడలు తక్కువ పోసింది, ఆపైన వేసింది, ఇంకాస్త వేసింది. చివర్లో చిన్న ప్లాస్టిక్ గరిటెతో నాలుగు పలుకులు తీసి, "పిల్లోళ్లకమ్మా, వద్దనొద్దు" అంది. ఎవరితో అందో తెలుసా? వెంకటసుబ్బమ్మతో. నలభై ఏండ్లు గుళ్లూ గోపురాలూ తిరిగి కడుపు పండని మనిషితో. ఆమె ఆ నాలుగు బేడలు అరచేతిలో పెట్టుకొని అలాగే నిలబడింది.

నా మాట తనూజా. మా అంగడిలో నా నోటి నుంచి వచ్చే మాట. అక్కడే బియ్యం గోతాము పట్టుకొని నిలబడ్డాను.

చిన్న ప్యాకెట్లు ఎక్కడున్నాయో వెతికాను. బిల్లు వేసే అమ్మాయి వెనక, అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. కావాలంటే నోరు తెరిచి అడగాలి. వెనక వరుస ఉంటుంది. పచ్చయమ్మ అప్పుడే అక్కడ నిలబడి ఉంది. బీరువా వైపు చూసింది, వెనకవాళ్ల వైపు చూసింది. "ఏం కావాలమ్మా?" అని అమ్మాయి గట్టిగా అడిగింది. "ఏమీ లేదులే" అని, బుట్టలో ఉన్న నూనె, సబ్బు ఎక్కడివక్కడ పెట్టేసి వచ్చి, పెద్ద టీపొడి ప్యాకెట్టు ఒక్కటే తీసుకొని పోయింది.

నేను గడప దగ్గర వేలాడదీసింది, మీరు బీరువాలో పెట్టి తాళం వేశారు. అంటే రెండో పేజీ కూడా వాళ్లకు చదివి వినిపించావు.

నేను నీకు జాబులు రాశాను. అవి ఎవరికి చేరాయో రాయి.

నాగక్క


హోసూరు,
అక్టోబరు 25

అత్తా,

ఏ మొహంతో రాయాలో తెలియక మూడు కాగితాలు చించేశాను.

స్థలం గురుబరపల్లి అని నాకు జూలైలోనే తెలుసు. మేము ఎంచుకోలేదు. జాస్తి బజార్ కంపెనీ వాళ్లే రోడ్డు పక్క ఊళ్లు లెక్కేసి ఎంచుకున్నారు. నీకు చెప్తే ఏమవుతుంది? వద్దంటావు. నేను ఆపలేను. ఆపలేనిదాన్ని చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. మేము గీయకపోతే బెంగుళూరులో ఇంకొకరు గీసేవాళ్లు. వాళ్లకు కొసరంటే ఏమిటో కూడా తెలియదు. కనీసం నాకు తెలుసు కదా అనుకున్నాను.

చిన్న ప్యాకెట్లు బీరువాలో పెట్టమని నేను చెప్పలేదు, ఒట్టు. నేను రాసింది ఒకే ఒక వాక్యం. 'చిన్న ప్యాకెట్టు అడగడానికి సిగ్గుపడతారు, కాబట్టి చేతికందేలా ఉంచాలి.' విష్ణువర్ధన్ గారు మొదటి సగం కింద ఎర్రగీత గీశారు. రెండో సగం కొట్టేశారు. "సిగ్గుపడతారా? అయితే అడిగేచోటే పెడదాం. పెద్దది కొంటారు" అన్నారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కానీ నోరెత్తలేదు కూడా. అప్పటికి నా ఆరు నెలల గడువు ఇంకా ముగియలేదు.

నన్ను తిట్టు అత్తా. కానీ జాబు మానకు.

నీ తనూజ


గురుబరపల్లి,
నవంబరు 29

తనూజకు,

తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి.

అంగడి మూసేశాం. మిగిలిన సరుకు పక్కంగడి ఆయనకు ఇచ్చేశాను. ఆయనా ఎక్కువ రోజులు నిలబడడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చిన్న ప్యాకెట్లు వేలాడదీసిన దారం మాత్రం ఇంకా గడప పక్కన అలాగే ఉంది. మీ మామ తీసేస్తానంటే వద్దన్నాను.

కష్టం అది కాదు. అంగడి ఈరోజు కాకపోతే రేపు పోయేదే. పచ్చయమ్మ ఇంటికి పోయాను. దాన్ని మోసం చేసి కడుపులో పెట్టుకొని తిరగడం నావల్ల కాలేదు. మేకలకు ఆకు వేస్తోంది. "ఆడ చిన్నవి బీరువాలో పెట్టింది నా వల్లే పచ్చయమ్మా. నీ సంగతి నేనే రాసినాను, మా పాపకు" అన్నాను.

అది ఆకు వేయడం ఆపలేదు. తర్వాత, "నేను యాడా చెప్పుకోలేదక్కా. నా మొగునికి గూడా తెలీదు. నీకొక్కదానికే తెలుసు. తెలిసినా తెలీనట్టు ఉంటివి, అందుకే పదేండ్లు నీ గడప తొక్కినాను. దాన్ని తీసి ఊరికిచ్చేస్తివా?" అంది.

నేను వస్తానని చెప్పాను. అది "సరే" అనలేదు. నువ్వు అడిగావు కదా, పోయేటప్పుడు ఏమంటారని. ఇలా ఏమీ అనకుండా కూడా ఉంటారు. ఇది కూడా రాసుకో.

నాగక్క


హోసూరు,
డిసెంబరు 20

అత్తకు,

నన్ను ఉద్యోగంలో ఉంచుకున్నారు. ఈ వార్త నీకు ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు. కాగితం చేతికిచ్చిన రోజు బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో సరిగ్గా చెప్పలేను.

నువ్వు ఇంట్లో ఖాళీగా ఉన్నావని మామ చెప్పాడు. జాస్తి బజార్‌లో కొసరు కౌంటర్‌కు మనిషి కావాలి. ఇప్పుడున్న అమ్మాయి మానేస్తోంది. నేను మాట్లాడాను, ఒప్పుకున్నారు. కృష్ణగిరిలో నాలుగు రోజులు శిక్షణ ఉంటుంది. నీకంటే బాగా ఆ పని చేసేవాళ్లు ఎవరున్నారు? నా మీద కోపంతో వద్దనకు. కోపం నా మీదే పెట్టుకో, పని తీసుకో.

తనూజ


కృష్ణగిరి,
జనవరి 17

తనూజ గారికి,

వచ్చాను. ఎందుకొచ్చానో నువ్వు అనుకుంటున్నది కాదు. ఆ బీరువా దగ్గర్లో నిలబడి ఉంటే, అడగకముందే చిన్న ప్యాకెట్టు తీసిచ్చే వీలుంటుందేమో అని వచ్చాను.

శిక్షణ ఇచ్చే అమ్మాయి పేరు శశికళ. మంచి పిల్ల, నన్ను అమ్మా అమ్మా అంటుంది. నాకు కొసరు వేయడం నేర్పింది. చేత్తో వేయకూడదు, శుభ్రం కాదట. గరిటె పదిహేను గ్రాములు, అంతకు మించకూడదు. మాట అనేటప్పుడు ముందు నవ్వాలి, తర్వాత అనాలి. నేను మాట అని తర్వాత నవ్వుతున్నానని మూడు సార్లు మళ్లీ చేయించింది. పిల్లలు లేనివాళ్లకు వేరే మాట అనాలి కదమ్మా అన్నాను. "అమ్మా, మీరు బాగానే చెప్తా ఉండారు. ఐనా బుక్కులో ఒక మాటే ఉండాది. అందరికీ అదే చెప్పల్ల" అంది. చివరి రోజు మార్కులు వేశారు. పదికి ఆరు వచ్చాయి. నా మాట నేను అన్నందుకు ఆరు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వుకున్నాను కూడా.

పోయేటప్పుడు అందరికీ తలా ఒక గుడ్డసంచి ఇచ్చారు. కొత్తగా వేయించారట, సంక్రాంతి నుంచి కొన్నవాళ్లందరికీ ఊరికే ఇస్తున్నారు. ఒక పక్క జాస్తి బజార్ అని ఉంది. ఇంకో పక్క అందం కోసం ఏదో చేతిరాత అచ్చు వేశారు. గోధుమరంగు గుడ్డ మీద నల్లటి గుండ్రటి అక్షరాలు. "ఏం రాసిందమ్మా దీని మీద?" అని శశికళను అడిగాను. "తెలీదమ్మా, తెలుగట. చూసేదానికి ఇంటిమాదిరి ఉంటాదని వేసినారు" అంది.

నా రాత నేను గుర్తుపట్టలేనా? బస్టాండులో కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివాను. 'మేకల పచ్చయమ్మ వచ్చినప్పుడల్లా పెద్ద టీపొడి ప్యాకెట్టు ధర అడుగుతుంది' అని మొదలవుతుంది. 'ఇంకా సిగ్గు' దగ్గర సంచి కుట్టు వచ్చి ఆగిపోతుంది.

నువ్వు చూశావా లేదా? ఒక్క మాటలో రాయి.

నాగక్క


హోసూరు,
జనవరి 24

అత్తా,

చూశాను. అచ్చయి వచ్చాక చూశాను. ఆయన తీసుకున్న ఫోటో అది, ఏ పేజీయో ఆయనకు తెలియదు. చెప్తే మొత్తం సంచులు పారేయాలి. ఆఫీసులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఊళ్లో కూడా అందరూ అరవం చదివినవాళ్లే. పచ్చయమ్మకు ఏ అక్షరమూ రాదు. చదవగలిగింది నువ్వూ నేనే కదా, ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

అనుకోకూడదు. అనుకున్నాను.

తనూజ


గురుబరపల్లి,
మార్చి 2

తనూజకు,

ఇదే నేను నీకు రాసే ఆఖరి జాబు. నా రాత మీ దగ్గర ఇప్పటికే చాలా ఉంది.

ఆరు వారాలుగా కొసరు కౌంటర్‌లో నిలబడుతున్నాను. బీరువా తాళంచెవి నాకివ్వరు. నేను చేయగలిగింది ఒక్కటే. సంచి చేతికి రాగానే తిరగేసి, రాత లోపలికి పోయేలా చేసి ఇస్తాను. ఎవరైనా అడిగితే కుట్టు గట్టిగా ఉంటుందని అబద్ధం చెప్తాను. మేనేజరు రెండు సార్లు పిలిచి, "పేరు బయటికి కనపడల్ల గదమ్మా" అన్నాడు. సరే అంటాను, మళ్లీ తిరగేస్తాను. మూడోసారి కాగితం మీద రాసుకున్నాడు. కానీ నేను రాకముందే ఇచ్చేసినవి ఊరంతా ఉన్నాయి. వాటితో ఆకు తెస్తున్నారు, పిల్లలు బడికి పుస్తకాలు తీసుకుపోతున్నారు. పచ్చయమ్మ దగ్గర కూడా ఒకటుంది. అది కూలికి పోయొచ్చే బస్సు ఇక్కడే ఆగుతుంది కాబట్టి ఇక్కడికే వస్తుంది. నన్ను చూడదు, కౌంటర్ చూస్తుంది.

నిన్న సాయంత్రం ఒక లారీ డ్రైవరు నీళ్లసీసా కోసం లోపలికి వచ్చాడు. మదనపల్లె వైపు మనిషి. వరుసలో పచ్చయమ్మ వెనకే నిలబడ్డాడు. దాని భుజానికి సంచి వేలాడుతోంది, రాత బయటికి ఉంది. చాన్నాళ్లకు తెలుగు కనబడిందన్న సంతోషంతో పైకే చదవడం మొదలుపెట్టాడు. మేకల పచ్చయమ్మ వచ్చినప్పుడల్లా అని. టీపొడి అని. సిగ్గు దాకా చదివి, నవ్వి, "ఎవరమ్మా ఈ పచ్చయమ్మ? ఈ ఊరి మనిషేనా?" అని అందరినీ అడిగాడు.

వరుసలో పదిమంది ఉన్నారు. అందరూ మనూరివాళ్లే. పచ్చయమ్మ కదల్లేదు. దాని మెడ మాత్రం కొంచెం కిందికి వంగింది.

"నేనేనప్పా పచ్చయమ్మను" అన్నాను. "ఆ చిన్న ప్యాకెట్టు కొనేది నేనే. ఏమిప్పుడు?"

అతను పాపం మంచివాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా, ఊరికే చదివినాను" అని సీసా తీసుకొని పోయాడు. నా పేరు ఏమిటో ఆ పదిమందికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. వెంకటసుబ్బమ్మ తల పక్కకు తిప్పి గోడకేసి చూసింది.

పచ్చయమ్మ సంచి భుజం మీద నుంచి దించింది. అందులో ఉన్నవి ఒక్కొక్కటీ నా కౌంటర్ మీద పెట్టింది. సంచి తిరగేసింది. మళ్లీ అన్నీ లోపల పెట్టుకుంది. నేను గరిటె పక్కన పెట్టి, డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు చెనిక్కాయలు తీసి చాచాను. మేనేజరు చూస్తున్నాడు, చూడనీ అనుకున్నాను. నా నోట ఆ మాట రాలేదు.

అది కొంగు పట్టలేదు.

"ఇంట్లో ఇంకా ఉండాదిలే అక్కా" అని వెళ్లిపోయింది.

నాగక్క